వదినకు చీటి గుడ్డ, నాన్నగారికి చదరంగం

మా అన్నయ్యా వదినా ఇంగ్లండులోని రీడింగులో ఉంటారు. మా పిన్ని కూతురు నెదర్లాండ్స్‌లో, ఐంధోవెన్‌లో ఉంటుంది. అమ్మా నాన్నగారూ నేనూ విజయవాడలోనే ఉన్నాం. వాళ్లకు పుట్టినరోజుకో పురిటికో ఏదైనా పంపాలంటే ఒకప్పుడు ఎవరు విమానం ఎక్కుతున్నారో వాకబు చేసి, వాళ్ల పెట్టెలో అరకిలో చోటు అడిగేదాన్ని. కొన్నేళ్లుగా ఆ మొహమాటం చాలావరకు తప్పింది. అక్కడి మ్యూజియంల షాపుల్లో ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో కొని, నేరుగా వాళ్ల ఇంటికే పంపిస్తున్నాను. ఈ కొనుగోళ్లలో నాకు అలవడిన పద్ధతిని ఒకచోట రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందుగా నేను షాపు పేజీ తెరవను. ఆ మ్యూజియం తన సేకరణలోని వస్తువులను చూపించే పేజీలు తెరుస్తాను. బహుమతి అందుకోబోయే మనిషికి తగిన అసలు వస్తువు ఏదో వాటిలో వెతికి, దాని గురించి చదివి, మనసుకు పట్టిన తరువాతే దాని పేరు మీద షాపులో ఏమి దొరుకుతుందో చూస్తాను. షాపు నుంచి మొదలుపెడితే కప్పులూ సంచులూ ఫ్రిజ్ అయస్కాంతాలూ కళ్లకు కమ్ముకుంటాయి. ఏది చూసినా బాగానే ఉన్నట్టుంటుంది, ఏదీ ఈ మనిషి కోసమే అన్నట్టు ఉండదు. వస్తువు నుంచి మొదలుపెడితే బహుమతితో పాటు చెప్పడానికి ఒక కథ ఉంటుంది. ఆ కథ లేనప్పుడు మ్యూజియం షాపులో కొన్న కప్పుకూ బజారులో కొన్న కప్పుకూ ధరలో తప్ప తేడా నాకు కనబడదు.

పిన్ని కూతురికి బాబు పుట్టినప్పుడు ఈ పద్ధతి నన్ను ఆంస్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంకు తీసుకువెళ్లింది. అక్కడ ‘బాదం పూలు’ అనే చిత్రం ఉంది. విన్సెంట్ వాన్ గో అనే డచ్చి చిత్రకారుడి తమ్ముడు తియోకు 1890 జనవరి 31న కొడుకు పుట్టాడు; తియో ఆ బిడ్డకు అన్నగారి పేరే పెట్టాడు. ఆ సమయానికి విన్సెంట్ దక్షిణ ఫ్రాన్సులోని సాన్ రెమీలో మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. ఆ కబురు అందిన తరువాత తమ్ముడి ఇంట్లో పడకగదిలో పెట్టుకోవడానికని ఆయన గీసిన చిత్రం అది. ఆ ప్రాంతంలో చలి పూర్తిగా వదలకముందే, ఫిబ్రవరిలోనే, బాదం చెట్టు పూస్తుంది. చిత్రంలో నేల లేదు, చెట్టు మొదలు లేదు; నీలి ఆకాశం నిండా పరచుకున్న కొమ్మలూ తెల్లని పూలూ మాత్రమే ఉన్నాయి. చెట్టు కింద కట్టిన ఉయ్యాలలో వెల్లకిలా పడుకున్న పసివాడికి ఎలా కనిపిస్తుందో అచ్చంగా అలాగే ఉంటుంది. ఆ పిల్లవాడికి ఆరు నెలలు నిండడానికి ఇంకా రెండు రోజులు ఉందనగా, జులై 29న, విన్సెంట్ కన్నుమూశాడు. పిల్లవాడు పెరిగి పెద్దవాడై ఇంజనీరయ్యాడు. పెదనాన్న చిత్రాలు చెల్లాచెదురు కాకుండా ఒక ఫౌండేషన్ ఏర్పరిచాడు. 1973లో తెరిచిన మ్యూజియంలో ఈనాటికీ అవి ఒక్కచోటే ఉన్నాయి.

ఒక పెదనాన్న ఇచ్చిన పురిటి కానుక అది. దానికన్నా తగిన బహుమతి నాకు తోచలేదు. పైగా విన్సెంట్ 1883 చివరి నుంచి రెండేళ్లపాటు ఉన్న న్యూనెన్ అనే ఊరు మా చెల్లెలి ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లి రాగలిగినంత దగ్గరలో ఉంది. అసలు చిత్రం అడ్డం 92 సెంటీమీటర్లు, నిలువు 73 సెంటీమీటర్లు ఉంటుంది. నేను కొన్నది అంతకంటే బాగా చిన్న ప్రింటు. ఈ కథంతా ఒక కాగితం మీద తెలుగులో రాసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపించాను. చెల్లెలు ఆ కాగితాన్ని కూడా అచ్చు తీయించి ఫ్రేము వెనుక అతికించిందట. బాబుకు చదవడం వచ్చాక తీసి చూపిస్తానంది.

ప్రింటును అదే దేశంలోని మ్యూజియం నుంచి పంపడానికి ఇంకొక కారణం కూడా ఉంది. పార్సిల్ సరిహద్దు దాటితే బహుమతి అందుకునేవాళ్ల చేత సుంకం కట్టించవలసి రావచ్చు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోయాక లండన్ నుంచి ఐంధోవెన్‌కు వెళ్లే పెట్టె కూడా కస్టమ్స్ చూపు తప్పించుకోదు. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేశారు. మన దేశానికైతే రాఖీలు, ప్రాణాధార మందులు తప్ప మరేదీ బహుమతి పేరుతో పోస్టులో గానీ కొరియర్‌లో గానీ తెప్పించుకునే వీలు 2019 డిసెంబరు నుంచి లేదు. సుంకం కట్టి తెప్పించుకోవలసిందే. అందుకని అమెరికాలో ఉన్నవాళ్లకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం షాపు నుంచి, ఇంగ్లండులో ఉన్నవాళ్లకు లండన్ మ్యూజియంల నుంచి కొంటాను. మన బ్యాంకు కార్డు మీద విదేశీ చెల్లింపులను ముందుగా మనమే ఆన్ చేసుకోవాలి, పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేసుకోవడం మంచిది. మారకపు రుసుము, దాని మీద జీఎస్టీ, పంపిణీ ఖర్చు కలిపి చూసుకోకపోతే ధర దగ్గర లెక్క తప్పుతుంది.

నాన్నగారి విషయానికి వస్తాను. ఆయనకు చదరంగం అంటే ప్రాణం. ఎనభైవ ఏట అడుగుపెడుతున్నారని ఆయన కోసం బ్రిటిష్ మ్యూజియం షాపులో లూయిస్ చదరంగపు పావుల నకలు కొన్నాను. స్కాట్లండుకు పడమటి వైపు ఉన్న లూయిస్ దీవిలో 1831లో ఈ పావులు బయటపడ్డాయి. వాటితో పాటు దొరికిన వస్తువులన్నీ కలిపి 93. వాటిలో 82 బ్రిటిష్ మ్యూజియానికీ 11 ఎడింబరోలోని మ్యూజియానికీ చెందినవి. పన్నెండో శతాబ్దంలో, బహుశా నార్వేలో, ఎక్కువగా వాల్రస్ అనే సముద్ర జంతువు దంతంతో వాటిని చెక్కారు. రీడింగులో అన్నయ్య ఇంటికి పంపించాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు అన్నయ్య తన పెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. చూశారుగా, పెట్టెలో చోటు అడగడం పూర్తిగా తప్పలేదు.

పండుగ రోజు సాయంత్రం నాన్నగారు పీట మీద పావులను ఒక్కొక్కటిగా నిలబెట్టుకుంటూ, మధ్యలో ఆగి, “మంత్రి ఏడమ్మా?” అని అడిగారు. చెంపకు అరచెయ్యి ఆనించుకుని, కళ్లు పెద్దవి చేసి చూస్తూ కూర్చున్న రాణిని చూపించి, “ఈవిడే నాన్నా, వాళ్లకు మంత్రి ఉండడు, రాణి ఉంటుంది” అన్నాను. “ఏదో పోగొట్టుకున్నదానిలా కూర్చుందే పాపం,” అన్నారు. ఏనుగు ఉండవలసిన మూలలో ఏనుగు లేదు, ఒక సైనికుడు ఉన్నాడు. పోరు మొదలుకాకముందే ఆవేశం పట్టలేక తన డాలు అంచును పళ్లతో కొరుకుతున్న సైనికుడు. ఆ పళ్లను నాన్నగారు బొటనవేలితో తడిమి చూసి చిన్నపిల్లవాడిలా నవ్వారు. బంట్లకు ముఖాలు లేవు, చిన్న చిన్న పాతురాళ్లలా ఉంటాయి. అది ఆయనకు నచ్చలేదు. “బంటుకు ముఖం చెక్కడానికి దంతం చాలలేదా?” అని చాలాసేపు బాధపడ్డారు. రెసిన్‌తో పోసిన నకలే అయినా, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందటి చెక్కుడు పనివాడి మీద ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ఇప్పటికీ ఆదివారాలు ఆ పావులతోనే ఆడతారు.

అన్నిసార్లూ కొనవలసిన అవసరం కూడా లేదు. ఆంస్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2012 నుంచి, మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, హక్కుల కాలం ముగిసిన తమ చిత్రాల పెద్ద ఫొటోలను ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవడానికి వీలు కల్పించాయి. డచ్చి చిత్రకారుడు వర్మీర్ గీసిన ‘పాలు పోసే పనిమనిషి’ రైక్స్ మ్యూజియంలో ఉంది. అది నిలువు 46 సెంటీమీటర్లు, అడ్డం 41 సెంటీమీటర్లు మించని చిన్న చిత్రం కనుక అసలు కొలతలోనే ఇంట్లో పెట్టుకోవచ్చు. దాన్ని గవర్నర్‌పేటలోని స్టూడియోలో అచ్చు వేయించి మా అత్తగారి వంటింట్లో తగిలించాను. ఆ పాల ధార సన్నదనాన్ని ఆవిడ రోజూ మెచ్చుకుంటారు.

ఒకసారి మాత్రం పద్ధతి తప్పాను. వదిన పుట్టినరోజు నెత్తి మీదికి వచ్చేసిందని ఒక గ్యాలరీ షాపులో, నేరుగా షాపు పేజీలోకే వెళ్లి, మన తూర్పు తీరపు కోరమాండల్ పూల అద్దకాన్ని ఆధారం చేసుకున్నామని చెప్పిన మెడ గుడ్డ ఒకటి తొందరలో కొనేశాను. వదిన అందుకుని బాగుందనే అంది. వీడియో కాల్‌లో దాన్ని దగ్గరగా పట్టి చూపించినప్పుడు అంచున ఉన్న పట్టీ చదివాను. అది పాలిస్టర్. పేజీలో అడుగున ఆ మాట రాసే ఉంది. బొమ్మ చూసి మురిసిపోయి నేనే అంతవరకు చదవలేదు. అయినా పైన అంత పెద్ద అక్షరాలతో కోరమాండల్ పేరు పెట్టి, కింద అంత చిన్న అక్షరాలతో పాలిస్టర్ అని రాయడం నాకు కష్టంగానే తోచింది. అప్పటి నుంచి నేను ఏ సరుకునైనా వివరం చివరి వరకు చదివి, దేనితో చేశారో, ఎక్కడ చేశారో, కొలత ఎంతో చూశాకే డబ్బు కడుతున్నాను.

అంత కష్టం ఎందుకు కలిగిందంటే నేను బందరులో పెరిగినదాన్ని. కోరమాండల్ పూల అద్దకం బట్టను మా అమ్మమ్మ చీటి గుడ్డ అనేది. బందరు దగ్గరి పెడనలో అద్దకం చేసే ఇంటి ముందు నిలబడితే కరక్కాయ, పాలు కలిసిన ఒక వగరు వాసన వస్తుంది. కొత్త బట్టను రెండు మూడుసార్లు ఉతికినా ఆ వాసన పూర్తిగా పోదు. ఇనుమూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టి నలుపు చేస్తారు. పటిక అద్దిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగిలిన చోట నీళ్లలో కొట్టుకుపోతుంది. పాతరోజుల్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో అడుగుపెట్టిందీ, అంతకుముందే డచ్చివాళ్లు దిగిందీ ఈ బట్ట కోసమే. ఉతికినా పోని ఆ రంగులు చూసి యూరప్ ఎంత వెర్రెత్తిపోయిందంటే, అక్కడి నేతగాళ్ల గగ్గోలు వల్ల ఫ్రాన్సు 1686లోనూ ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగానూ వాటిని నిషేధించవలసి వచ్చింది. అప్పుడు కోరమాండల్ తీరంలో చేత్తో గీసి రంగులద్దిన పెద్ద పెద్ద పరుపు దుప్పట్లు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. నడుమ ఒక చెట్టు, దాని కొమ్మలకు ఏ తోటలోనూ కాయని పూలు, మొదట్లో బండరాళ్లు.

మరుసటి ఏడు వదిన కోసం ఆ మ్యూజియం పేజీలకే వెళ్లాను, ఈసారి సేకరణ దారిన. మొదట విలియం మోరిస్ అనే ఇంగ్లీషు కళాకారుడు 1883లో చేసిన ‘స్ట్రాబెర్రీ దొంగ’ అనే అచ్చు ఎంచుకున్నాను. ఆయన తోటలో స్ట్రాబెర్రీ పళ్లను ఎత్తుకుపోయే పిట్టలను చూసి గీసిన అచ్చు అది. బట్టను నీలిమందులో ముంచి, కావలసిన చోట ఆ నీలాన్ని తొలగించి, మిగతా రంగులు అద్దేవాడు. వదిన కుండీల్లో స్ట్రాబెర్రీలు పెంచుతుంది, పిట్టలతో నిత్యం యుద్ధమే, కనుక ఆ అచ్చు ఉన్న వంటింటి తువ్వాలు ఆమెకు పంపించాను. దానితో పాటు పాత కోరమాండల్ దుప్పటి బొమ్మ ఉన్న కార్డు కూడా అక్కడే కొన్నాను. తరువాత పెడన వెళ్లి, కార్డు మీది పువ్వును ఫోనులో చూపించి, దానికి దగ్గరగా ఉన్న అచ్చులతో అద్దిన నూలు దుప్పటి ఏరుకుని అన్నయ్య తిరుగు ప్రయాణంలో పంపాను. అచ్చుల పెట్టె ముందు కూర్చున్న పెద్దాయన ఫోను చేతిలోకి తీసుకుని, వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, చాలాసేపు చూశారు. “ఇది కలంతో గీసిందమ్మా, అచ్చు కాదు. గీత ఎక్కడా రెండోసారి ఒకేలా రాలేదు చూడు,” అన్నారు. అప్పటివరకు ఆ కార్డును నేను ఎన్నోసార్లు చూశాను గానీ ఆ తేడా గమనించలేదు.

వదిన ఆ దుప్పటిని కుర్చీ మీద పరిచి, కార్డును పక్కన నిలబెట్టి ఫొటో పంపించింది. వాళ్ల పక్కింటి ఆవిడ చేత్తో తడిమి, వాసన చూసి, ఇలాంటివి రెండు కావాలని అడిగిందట. శనివారం మా బ్యాంకుకు సెలవు ఉంది, పెడన వెళ్లి వస్తాను.