మేడ మీద దేవగన్నేరు: ఒక కొమ్మ కుళ్లింది, ఒకటి పూసింది

మార్చి: చెన్నై వెలచ్చేరిలో మా వీధి చివరింట్లో దేవగన్నేరు కొమ్మలు కొట్టిస్తుంటే అడిగి రెండు తెచ్చుకున్నా. ఒక్కోటి అడుగున్నర, బూడిద రంగుకు తిరిగిన ముదురువి. ఒకదాన్ని ఆ సాయంత్రమే నాటి, గులాబీకి చేసినట్టు రోజూ నీళ్లు పోశా. పది రోజులకు కొమ్మ మొదలు దగ్గర నొక్కితే వేలు దిగింది. కుళ్లు!

రెండోదానికి కుండీ లేక నీడలో గోడకి ఆనించి మర్చిపోయా. అదే దాన్ని బతికించింది. కోసిన చోట పాలు ఆరి, గట్టిగా పొర కట్టింది. అప్పుడు 12 అంగుళాల మట్టి కుండీలో సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక కలిపి నాటా. ఎరువు వెయ్యలేదు. ఊగకుండా కర్రకు కట్టా. (ఆ పాలు చేతికంటితే దురద. కళ్లు నలుపుకోకండి.)

మే: రెండాకులు. ఇంట్లో అందరికీ చూపించా కానీ, అది కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చిన చిగురు, వేరు పట్టిందని కాదు. లాగి చూడాలని చెయ్యి ఎంత దురద పెట్టినా ఆగా. కత్తిరి ఎండకి కుండీ పగులుతుందేమో అనిపించింది గానీ, మొక్క చలించలేదు.

ఆగస్టు: ఆకుల అడుగున నారింజ రంగు పొడి. తుప్పు తెగులు. ఆ ఆకులు తెంపి చెత్తలో పారేశా, నీళ్లు మొదలు దగ్గరే పోస్తున్నా.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలవగానే కుండీని ఇటుకల మీదికెక్కించి సన్‌షేడ్ కిందకి జరిపా. చెన్నైలో దీనికి శత్రువు ఎండ కాదు, ఈ మూడు నెలలే.

జనవరి: ఆకులన్నీ రాలి మోడైంది. అత్తయ్య "పారేయమ్మా, గుడి చెట్టు ఇంటికెందుకు?" అంది. గోటితో గీకి చూపించా, లోపల పచ్చగానే ఉంది. రెండు వారాలకో గ్లాసు నీళ్లు, అంతే. దేవగన్నేరులో ఇలా ఆకు రాల్చి, ఆకు కొస మొనదేలి ఉండే రకం ప్లుమేరియా రూబ్రా. గుండ్రటి కొసతో ఏడాదంతా పచ్చగా ఉండేది ఒబ్ట్యూసా.

ఫిబ్రవరి చివర ఎరువుగా గుప్పెడు ఎముకల పొడి.

మే: పూసింది! తెలుపు, మధ్యలో పసుపు. పగలు మామూలే, రాత్రి తొమ్మిది దాటాక మెట్ల దాకా వాసన. పూలో తేనె లేదు, వాసనతో రాత్రి తిరిగే చిమ్మటల్ని మోసం చేస్తుందట. గుత్తి కింద రెండు కొత్త కొమ్మలు పొడుచుకొస్తున్నాయి. రాలిన పూలు అత్తయ్య ఏరి దేవుడి దగ్గర పెడుతోంది, నేనేమీ అనలేదు.