పైపు కాదు సార్, క్యాథెటర్

నిన్న సాయంత్రం, పిండాన్ని గర్భసంచిలో పెట్టే మా ట్రాన్స్‌ఫర్ గది సామాను మీద ఆఖరి సంతకం పడింది. మొత్తం నెలన్నర పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. మాది గుంటూరులో చిన్న ఐవీఎఫ్ సెంటర్, నేను అక్కడ ఎంబ్రియాలజిస్ట్‌ని, అంటే ల్యాబ్‌లో పిండాల్ని చూసుకునేదాన్ని. కొత్త గదికి ఏమేం కావాలో చూడమని మా డాక్టర్ మేడమ్ నాకే అప్పగించారు.

లోపల చూడ్డానికి దారి తెరిచి పట్టుకునే స్పెక్యులమ్‌లు ఒక్క పూటలో అయిపోయాయి, కస్కో అనే రకం, స్టీలువి, మూడు సైజులు. స్కానింగ్ మెషిన్ పాతదే చాలు.

మిగతా రోజులన్నీ క్యాథెటరే తినేసింది. ఎంబ్రియోని, అంటే పిండాన్ని, గర్భసంచిలోకి చేర్చే సన్నటి గొట్టం అది. లోపలి గొట్టం మెత్తగా ఉండాలి. గట్టిదైతే లోపలి పొరకి గీసుకుని రక్తం వస్తుంది, సంచి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. మెత్తటివే వాడమని 2017లో అమెరికాలోని సంతాన చికిత్స నిపుణుల సంఘం ఏఎస్ఆర్ఎం మార్గదర్శకాల్లోనూ ఉంది. గర్భాశయ ముఖద్వారం బాగా వంగి ఉన్నవాళ్లకి మాత్రం వంచుకోగలిగే స్టైలెట్ (లోపల పెట్టే సన్నటి తీగ) ఉన్నవి నాలుగు పక్కన ఉండాలి. కొన స్కాన్‌లో తెల్లగా మెరిస్తే మేడమ్‌కి ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతుంది. ఇవన్నీ చూసుకుని, శాంపిళ్లతో మాక్ ట్రాన్స్‌ఫర్లు (పిండం లేకుండా చేసే రిహార్సల్) చేయించి, ఒకటి ఖాయం చేశాను.

లెక్కలు చూసేది మేడమ్ బావగారు. నా కాగితం చూసి, నర్సుల ముందు, కంపెనీ ఏజెంట్ ముందు, "ఏమ్మా, ఒక పైపుకి ఇంత రేటా? యూరిన్ పైపు వంద రూపాయలకి దొరుకుతుంది కదా" అన్నారు. ఆ ఏజెంట్ కిసుక్కున నవ్వాడు. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నా, ఆ క్షణాన నోట మాట రాలేదు. మర్నాడు నాకు చెప్పకుండానే అదే ఏజెంట్ దగ్గర చవక రకం రెండు పెట్టెలు తెప్పించేశారు.

నేను పెట్టె మీద లాట్ నంబరు, అంటే ఏ విడతలో తయారైందో ఆ నంబరు, చూశా, తర్వాత సర్టిఫికెట్ చూశా. రెండూ వేరు! ఆ సర్టిఫికెట్ దేనికంటే, గొట్టంలో పిండానికి హాని చేసేదేమైనా ఉందా అని ఎలుక పిండాలతో చేసే టాక్సిసిటీ పరీక్షకి; అది ఏ లాట్‌కి చేశారో ఆ లాట్‌కే చెల్లుతుంది. ఏజెంట్‌ని అడిగితే "అన్నీ ఒకటే మేడమ్, కంపెనీ ఒకటేగా" అన్నాడు. బావగారు నావైపే చూసి "నువ్వు మరీ చాదస్తం" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా దగ్గర ఎలుకలు లేవు కానీ వీర్యకణాలతో చేసే పరీక్ష ఉంది. ఎలుకలు లేని వాళ్లకి ఇదొక్కటే నా సలహా: ఏ ల్యాబ్‌లో అయినా చేసుకోవచ్చు, చేసుకోండి. మీడియాని (కణాలు బతికే ద్రవాన్ని) ఆ చవక రకం క్యాథెటర్ గుండా పంపించి, అందులో శుభ్రం చేసిన వీర్యకణాలు వేసి, పక్కన మామూలు మీడియాలో ఇంకో డిష్ పెట్టి, 24 గంటల తర్వాత లెక్కపెట్టాను. మామూలు దాంట్లో పదికి ఏడు కదులుతున్నాయి, ఈ దాంట్లో మూడు. నమ్మకం కుదరక మళ్లీ రెండుసార్లు చేశా. అదే తీరు.

మేడమ్‌ని మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి ఏమీ అనకుండా వెళ్లారు, సాయంత్రానికల్లా నేను రాసిన క్యాథెటర్‌కి ఆర్డర్ పోయింది. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఆ రోజు నేను మధ్యాహ్నం రెండు లడ్డూలు ఎక్కువ తిన్నాను.

బావగారు మాత్రం నిన్న సంతకం పెడుతూ "మరి ఆ రెండు పెట్టెలూ మాక్‌లకి వాడేయొచ్చుగా" అన్నారు. మాక్ చేసేదీ, అసలు ట్రాన్స్‌ఫర్‌కి వాడేదీ ఒకే రకం కాకపోతే మాక్ ఎందుకు సార్ అన్నాను. ఆ పెట్టెలు ఇప్పుడు ఆయన గదిలో, బీరువా మీద ఉన్నాయి. ఏజెంట్ ఫోన్ ఎత్తడం లేదట.