మా గేటు దాటిన మల్బా

పొద్దున ఆరున్నరకే లేచి కూర్చున్నాను. ఇంటి ముందు పన్నెండు రోజులుగా పడి ఉన్న మల్బా, అదే కూల్చిన సరుకు, గుట్ట ఈరోజైనా కదులుతుందా లేదా అని రాత్రంతా అదే టెన్షన్. పాత బాత్రూం పగలగొట్టి కొత్తది కట్టించుకున్నాం. మేస్త్రీ పని బాగానే చేశాడు గానీ "మల్బా ఎత్తడం మా లెక్కలో లేదమ్మా" అని మొదటే చెప్పేశాడు. పగిలిన టైల్స్, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, పాత కమోడు, తుప్పు పట్టిన పైపులు అన్నీ కలిసి గేటు పక్కన నడుమెత్తు గుట్ట. పక్కింటి ఆంటీ ఒక్క మాట అనలేదు, కానీ కారు తీసినప్పుడల్లా వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు తిప్పుకోవాల్సి వస్తుంటే చూసే నాకే మనసు ఒప్పలేదు.

నిన్న ముగ్గురికి ఫోన్ చేశాను. మొదటి ట్రాక్టర్ అతను 1,800 అన్నాడు, గంటలో వచ్చేస్తానన్నాడు. ఎక్కడ పోస్తావన్నా అని అడిగితే "మీకెందుకు మేడం, మీ గేటు దాటితే చాలు కదా" అన్నాడు. కోపంగా ఏం అనలేదు, మామూలుగానే అన్నాడు. కానీ ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను.

2019లో వంటిల్లు మార్చినప్పుడు నేను ఈ ప్రశ్న అడగలేదు. ఎవరు తక్కువకి వస్తే వాళ్లకి ఇచ్చేశాను. నెల తర్వాత ఓ సాయంత్రం అమ్మతో చెరువు కట్ట మీద నడుస్తుంటే, అమ్మ ఠక్కున ఆగి "అదిగో మన టైల్" అంది. నీలం పువ్వుల టైల్, ఇరవై ఏళ్లు మా స్టవ్ వెనక గోడకి ఉన్నది, సగం నీళ్లలో సగం బురదలో. చుట్టూ మా ఇంటి ఇటుకలే. ఇద్దరం ఇంకేం మాట్లాడకుండా ఇంటికొచ్చేశాం. మరుసటి ఏడాది అక్టోబరు 13న హైదరాబాద్‌ని ముంచేసిన ఆ వాన పడింది, మా వైపు చాలా ఇళ్లలో మోకాళ్ల దాకా నీళ్లు. నా ఒక్క ట్రాక్టర్ వల్లే చెరువు పొంగిందని అనను. కానీ ఒక్కో ట్రాక్టర్ చొప్పునే కదా చెరువులు పూడేది, నాలాలు ఇరుకయ్యేది. 1908లో మూసీ వరద ఎంతమందిని పొట్టన పెట్టుకుందో చిన్నప్పటి నుంచీ వింటున్న ఊరు మాది. ఆ మూసీ ఒడ్డునే ఇప్పుడు గుట్టలు గుట్టలుగా ఇళ్లు కూల్చిన మట్టి పోస్తుంటే నాకు నిజంగా భయం వేస్తుంది.

అందుకే ఈసారి ఫతుల్లాగూడ ప్లాంటుకి తీసుకెళ్తానన్నవాడినే పిలిచాను. మాకు దగ్గరే, నాగోల్ అవతల. కూల్చిన సరుకుని మళ్లీ వాడుకునేలా చేసే ప్లాంటు, రోజుకి 500 టన్నుల సామర్థ్యం. జీడిమెట్లలో అలాంటిదే ఇంకోటి ఉంది. కార్పొరేషన్ వాళ్లకి చెప్పుకుంటే టన్ను లెక్కన డబ్బు కట్టించుకుని బండి పంపే ఏర్పాటు కూడా ఉంది గానీ, మా సందులోకి పెద్ద టిప్పర్ తిరగదు. ఇతను 3,200 అడిగాడు, ప్లాంటులో కట్టే రుసుముతో కలిపి. కాంటా చీటీ తెచ్చి ఇస్తేనే మొత్తం ఇస్తాను అన్నాను. "అట్లనే అక్కా" అన్నాడు.

ఎత్తడానికి కూలీల అడ్డా మీద నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు, పాలమూరు వైపు వాళ్లు. ముందు సిమెంటు సంచులు, ప్లాస్టిక్ డబ్బాలు, చెత్త వేరు చేయించాను, ఎందుకంటే ఇవన్నీ కలిసిపోతే అక్కడ మళ్లీ చేతులతో ఏరాల్సిందే. పైపులూ ఇనుప ముక్కలూ పాత సామాన్లతనికి పక్కన పెట్టాం. దుమ్ము లేవకుండా గుట్ట మీద పైపుతో నీళ్లు కొట్టాను. అయినా ఆమె కొంగు ముక్కుకి చుట్టుకునే పని చేసింది, ఆయన పారతో తట్ట నింపడం, ఆమె నెత్తిన పెట్టుకుని ట్రాలీ దాకా నడవడం. ఎన్ని తట్టలు మోసిందో లెక్క పెట్టలేకపోయాను. మధ్యలో అమ్మ ఉప్మా పెట్టి టీ ఇచ్చింది. ఆయన మూలనున్న రుబ్బురోలు మీద కూడా చెయ్యి వేశాడు, అమ్మ లోపలి నుంచి పరుగున వచ్చి "అది మా అత్తగారిది నాయనా, అది ఉండనీ" అంది. ఇద్దరికీ కలిపి 1,600 మాట్లాడుకున్నాం, నేను అనుకున్నదానికంటే పని ఎక్కువైంది, 2,000 ఇచ్చాను.

స్టోర్ రూం మీద నుంచి దించిన సిమెంటు రేకులు మాత్రం ట్రాక్టర్ ఎక్కించలేదు. ఆయన సమ్మెటతో నాలుగు దెబ్బలేసి ముక్కలు చేస్తానన్నాడు, గట్టిగా వద్దన్నాను. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పగలగొడితే లేచే సన్నటి పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత జబ్బు బయటపడుతుంది. ఆయన ఎన్ని ఇళ్లలో ఎన్ని రేకులు అలా పగలగొట్టి ఉంటాడో అని తలుచుకుంటే గుండె బరువెక్కింది. బోల్టులు విప్పి పగలకుండా దించినవే, టార్పాలిన్ చుట్టి వెనక పక్క ఆనించాం.

ట్రాక్టర్ వెనకే స్కూటీ మీద నేనూ వెళ్లాను. నమ్మకం లేక కాదు, ఒక్కసారి కళ్లతో చూడాలనిపించింది. కాంటా మీద 2 టన్నుల 840 కిలోలు వచ్చింది, ఒక్క బాత్రూంకి! మాలాంటి ఇళ్ల గుట్టలే అక్కడ కొండంత ఉన్నాయి. ఏరిన సరుకు క్రషర్‌లోకి పోతుంది, తర్వాత జల్లెడ పట్టి, కడిగి ఇసుకనీ కంకరనీ సైజుల వారీగా వేరు చేస్తారు. ఫుట్‌పాత్ మీద పరిచే బిళ్లలు, రోడ్డు పక్క రాళ్లు వీటితో చేస్తారు. ఇనుము వేయని మామూలు కాంక్రీటులో కూడా 25 శాతం దాకా ఇలాంటి కంకర కలపొచ్చని ఇసుక, కంకరలకి మన దేశం పెట్టుకున్న 2016 నాటి ఐఎస్ 383 ప్రమాణంలోనే ఉంది, మా మేస్త్రీకి చెబితే నమ్మలేదు.

డ్రైవర్ చీటీ చేతికిచ్చి, "అక్కా, చీటీ అడిగినోళ్లు మీరే ఫస్టు" అన్నాడు. డబ్బులిచ్చి అతని నంబరు సేవ్ చేసుకున్నాను. పై నెలలో ఆంటీ వాళ్లు మేడ మీద గోడ కొట్టిస్తారట, సాయంత్రం ఆ నంబరు ఆమెకి పంపాను, ధర ఎందుకు ఎక్కువో కూడా రాశాను. "సరే అమ్మా, అతన్నే పిలుద్దాం" అని జవాబిచ్చింది.

గేటు ముందు కడిగితే ఇంకా తెల్లటి మరక పోలేదు. అమ్మ చీటీని క్యాలెండర్ మేకుకి గుచ్చింది. రేకులు ఎవరు తీసుకుంటారో రేపు కనుక్కోవాలి.