కైనాన్స్ కొండమీద జనుము పూత

ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో ఉన్న హెల్‌స్టన్‌లో బస్సు ముప్పావుగంట ఆలస్యం. లిజర్డ్ ఊళ్లో దిగేసరికి పన్నెండు దాటింది. ఐదు పౌండ్ల పైన పెట్టి ఒక పాస్టీ (లోపల కూర పెట్టి కాల్చే కజ్జికాయలాంటిది) కొనుక్కుని, కైనాన్స్ కోవ్ అనే చిన్న సముద్రపు వంపుకి నడిచాను. ఆ డబ్బుకి ఇంట్లో ఇద్దరం రెండు పూటలు తింటాం.

అందరూ ఫొటోలకని కిందికి, నీళ్ల దగ్గరికి దిగుతున్నారు. నేను వచ్చింది హెయిరీ గ్రీన్‌వీడ్ కోసం. మేముండే రెడింగ్‌లో మా పెరట్లో రాళ్లమీద పాకించిన మొక్క అదే, ‘వాంకూవర్ గోల్డ్’ అనే తోట రకం. మే నెలలో పసుపు చాప పరిచినట్టు పూస్తుంది. నర్సరీలో దాని పువ్వు చూడగానే కొనేశాను. అచ్చం జనుము పువ్వు! తెనాలి దగ్గర మా ఊళ్లో వరి కోతలకు ముందే చేలో జనుము చల్లేవాళ్లు. సంక్రాంతి దాటాక పూతకొచ్చేది. నాన్న మేతకి కోసి మోపు ఎత్తుకుంటే గట్టు పొడవునా పువ్వులు రాలేవి. రెండూ చిక్కుడు కుటుంబమే మరి.

కొండంతా పసుపే, కానీ అదంతా గోర్స్. నడుమెత్తు ముళ్లపొద, కొబ్బరి వాసన. గంటన్నర తిరిగినా నా మొక్క జాడ లేదు. నాలుగు గంటల బస్సు పోతుందేమోనని టెన్షన్ ఒకటి.

కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడ ఏం వెతుకుతున్నావని అడిగింది. పేరు చెప్పగానే చేయి పట్టుకుని అంచు దగ్గరికి తీసుకెళ్లి, “కూర్చో, నిలబడితే కనబడదు” అంది.

కూర్చున్నాను. సర్పెంటైన్ అనే అక్కడి రాతి నెర్రెలోంచి పాకి, సముద్రపు గాలికి బండకి అతుక్కుపోయి ఉంది. ఎత్తు నాలుగు వేళ్లు లేదు. ఆకు తిరగేస్తే అడుగున పట్టులాంటి తెల్లని నూగు, రేకుల వెనకా అదే. బ్రిటన్‌లో ఇది అడవిమొక్కగా మిగిలిన చోట్లు చాలా తక్కువని, అందుకే చూపించేముందు తన కుక్కని దూరంగా కట్టేశానని చెప్పింది.

ఇందులో తేనె ఉండదట. తేనెటీగ పుప్పొడి కోసమే వస్తుంది. అది వాలిన బరువుకి కింది రేకులు టక్కున జారి, లోపల బిగబట్టి ఉన్న కేసరాలు లేచి దాని పొట్టకి పుప్పొడి కొడతాయి. ఆవిడ గడ్డిపరకతో ఒక పువ్వుని నొక్కి చూపించింది. పరక కొసకి పసుపు పుప్పొడి అంటింది.

మా పెరట్లో ఐదేళ్లుగా పూస్తున్నా ఒక్కసారీ నేల దాకా వంగి చూడలేదు. బస్సు ఎటూ పోయింది. తర్వాతి బస్సు ఆరింటికని ఆవిడే చెప్పింది. అప్పటిదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. నాన్న మోపు సంగతి చెబితే, జనుము అన్న మాటని రెండుసార్లు పలికి చూసుకుంది.