చుక్కకూ చుక్కకూ మధ్య దూరం

ఇంట్లోని లేజర్ ప్రింటరులో తీసిన ప్రూఫులు దిద్దుతూ ఉండగా, ‘ధర’ ఉండవలసిన చోట ‘థర’ కనిపించింది. తప్పనుకొని ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, కంప్యూటరులో చూస్తే అక్కడ ‘ధ’యే ఉంది. ఆ అక్షరం పొట్టలో గసగసాల గింజకన్నా చిన్న నల్లచుక్క పడి, దానిని ‘థ’గా మార్చింది. తెలుగు లిపిలో ఒక చుక్క విలువ ఎంతో తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు. పరిశీలిస్తే, ప్రతి పుటలోనూ అంచు నుంచి అంతే ఎడంలో, నిలువు వరుసలో మూడు నాలుగు చుక్కలు ఉన్నాయి.

టోనరు, అంటే ప్రింటరులో సిరాగా వాడే పొడి, నింపే దుకాణంలో ఫ్యూజరు (ప్రింటరులో వేడి చేసే భాగం) మార్చాలన్నారు. ఒప్పుకొనే ముందు స్కేలు పెట్టి కొలిచాను; చుక్కకూ చుక్కకూ మధ్య 75 మిల్లీమీటర్లు ఉంది. ప్రింటరులో కాగితానికి తగిలేవి చాలావరకు తిరిగే రోలర్లే కనుక, ఒకదానిపై మచ్చ పడితే, అది చుట్టు తిరిగిన ప్రతిసారీ అదే మచ్చను కాగితంపై వేస్తుంది. అంటే మచ్చల మధ్య దూరమే ఆ రోలరు చుట్టుకొలత. టోనరు ఉండే నా కార్ట్రిజ్‌లోని డ్రమ్ము (టోనరును అక్షరాల రూపంలో పట్టి కాగితంపై వేసే రోలరు) వ్యాసం 24 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 75.

నిర్ధారణ కోసం, ప్రింటు సగంలో ఉండగా మూత తెరిచి కాగితాన్ని మెల్లగా బయటికి తీశాను. ఫ్యూజరులోకి ఇంకా వెళ్లని భాగంలోనూ, వేలితో తుడిస్తే చెరిగిపోయే పొడిగా, ఆ చుక్క ఉంది. ఫ్యూజరు చేసేది పొడిని కరిగించి కాగితానికి అతికించడమే కాబట్టి, దాని తప్పేమీ లేదు. తరువాత కార్ట్రిజ్ తీసి, డ్రమ్మును వెలుతురు తక్కువగా ఉన్న చోట నెమ్మదిగా తిప్పి చూస్తే, పూతపై సూదిమొనంత గాటు కనిపించింది. పూత పోయిన చోట, టోనరును దూరంగా ఉంచే విద్యుదావేశం నిలవదు. అక్కడికి టోనరు చేరుతుంది. డ్రమ్ము ఒక్కటీ మార్పించాను, చుక్కలు పోయాయి.

వేలితో రుద్దితే అక్షరాలు రాలిపోతున్నప్పుడు మాత్రం ఫ్యూజరును అనుమానించాలి. వానాకాలంలో ముద్రణ వెలిసినట్లు వస్తే, మొదట చెమ్మ తగలని కొత్త కాగితాల కట్ట విప్పి చూడండి. టోనరు చేతికి అంటితే చన్నీళ్లతోనే కడగండి.