చెదరగొట్టినా మళ్లీ ఒక్కచోటికి

మా అత్తగారు రంగూన్‌లో పుట్టి పెరిగారు. 1962లో బర్మాలో జనరల్ నే విన్ సైన్యం అధికారంలోకి వచ్చి, తర్వాత దుకాణాలన్నీ జాతీయం చేశాక, కట్టుబట్టలతో ఓడెక్కారు. మొదట శ్రీకాకుళం వైపు చుట్టాల ఊళ్లో ఉన్నారు. నీడ ఉంది, తిండి ఉంది. అయినా మనసు పట్టక, రంగూన్‌లో పక్కింటివాళ్లు కంచరపాలెం బర్మా క్యాంపులో ఉన్నారని తెలిసి విశాఖ వచ్చేశారు.

మా అబ్బాయి అమెరికాలోని మిన్నెసోటా వెళ్లాక హ్మాంగ్ వాళ్ల గురించి చెబుతుంటే నాకు ఆవిడే గుర్తొచ్చారు. వీళ్లది లావోస్ కొండ ప్రాంతం. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా వీళ్లతో సైన్యం నడిపించింది. నాయకుడు జనరల్ వాంగ్ పావ్. 1975లో ఆ యుద్ధం ఓడిపోయాక కొద్దిమందినే విమానాల్లో తరలించారు. మిగతావాళ్లు మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ క్యాంపులకు చేరారు. దాటుతూ చనిపోయినవాళ్లు ఎందరో.

అమెరికా వీళ్లను తీసుకుంది కానీ, ఒకేచోట భారం పడకూడదని రాష్ట్రానికి కొన్ని కుటుంబాలుగా పంచేసింది. చర్చిల వాళ్లు ఇల్లు, దుప్పట్లు, చలికోట్లు ఇచ్చారు. వాళ్ల మంచితనాన్ని నేను కాదనను. కానీ ఇంట్లో పెద్దాయన పోతే ఏం చేయాలి? హ్మాంగ్ వాళ్లలో సాగనంపడం మూడు నాలుగు రోజుల తంతు. దారి చూపే పాట పాడాలి, వెదురు గొట్టాల వాద్యం ఊదాలి, డోలు కొట్టాలి, వచ్చినవాళ్లందరికీ వండాలి. ఇంటిపేరువాళ్లు లేకుండా ఒక్క కుటుంబం వల్ల అవుతుందా? అందుకే ఇచ్చిన ఇళ్లు వదిలి, తమవాళ్లు ఎక్కడుంటే అక్కడికి బయల్దేరారు. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో, మిన్నెసోటాలో సెయింట్ పాల్ అలా నిండాయి. సెయింట్ పాల్‌లో ఒకప్పటి కలప అడితిలో 2004లో హ్మాంగ్‌టౌన్ మార్కెట్ పెట్టుకున్నారు. మా అబ్బాయి కాకరకాయలు కొనేది అక్కడే.

ఆ పంపకం తప్పని నా గట్టి నమ్మకం. లావోస్‌లో పుట్టిన ‘మీ మువా’ అనే హ్మాంగ్ ఆవిడ కుటుంబం మొదట దిగింది రోడ్ ఐలాండ్‌లో. అక్కడి నుంచి విస్కాన్సిన్ వెళ్లారు. ఆవిడ పెద్దయ్యాక సెయింట్ పాల్‌లో స్థిరపడి 2002లో మిన్నెసోటా సెనేట్‌కు గెలిచారు. అమెరికాలో ఒక రాష్ట్ర చట్టసభకు ఎన్నికైన తొలి హ్మాంగ్ వ్యక్తి ఆవిడే. ఊరికో ఇల్లుగా చెదిరి ఉంటే ఆవిడ తరఫున గడపగడపకీ తిరగడానికి తనవాళ్లు ఎంతమంది దొరికేవారు?