గుప్తలిపిని అన్ని పీరియడ్లలో కలిపి చెప్పాం: నా అనుభవం

నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. గుప్తలిపిని, అంటే అక్షరాలు మార్చి రహస్యంగా రాసే పద్ధతిని, తలా కాస్త అన్ని సబ్జెక్టుల్లో చెప్దామని స్టాఫ్ రూంలో అంటే, సిలబస్ ఎప్పుడవుతుంది టీచర్ అన్నారు. ఆ టెన్షన్ న్యాయమైనదే. అందుకే కొత్తగా పీరియడ్ అడగలేదు, ఎవరి పాఠంలో వాళ్లం కలుపుకున్నాం.

మొదలు తెలుగుతోనే. రోమన్ సేనాని జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో అక్షరాల్ని మూడు స్థానాలు జరిపేవాడట, మేం అచ్చుల్నీ గుణింతాల్నీ కదపకుండా హల్లుల్ని మాత్రం ఒక్క స్థానం జరిపాం. "మామిడి" కాస్తా "యాయిఢి" అయింది. "అమ్మ"ను జరిపితే "అయ్య" వచ్చింది! క్లాసంతా గొల్లుమంది. ఒత్తుల్ని కూడా జరపాలా అని ఒకమ్మాయి అడిగింది, జరపకపోతే "అయ్మ" అవుతుంది, చూసినవాడికి అక్కడే అనుమానం వస్తుంది అని పక్కపిల్లే చెప్పేసింది. వర్ణమాల వరస తడుముకునే పిల్లలు కూడా దాన్ని నోటుబుక్ వెనక రాసుకుని మరీ నేర్చుకున్నారు.

అసలు చదువంతా రాయడంలో కాదు, విప్పడంలో ఉంది, నాకు గట్టిగా అనిపించింది ఇదే. పౌనఃపున్య పట్టిక పాఠం వచ్చినప్పుడు మార్కుల లెక్కల బదులు పేపర్లోంచి ఒక పేరా ఇచ్చి ఏ హల్లు ఎన్నిసార్లు వచ్చిందో గణన చిహ్నాలు వేయమన్నాను. న, ర, ల మాటిమాటికీ వచ్చాయి. తర్వాత ఇచ్చిన గుప్తలిపి పేరాలో ప, ల, వ ఎక్కువున్నాయి. వెనక బెంచీ అబ్బాయి ఒకడు, పెద్దగా మాట్లాడనివాడు, లేచి "టీచర్, ఒక్క స్థానం వెనక్కి వెళ్లాలి" అన్నాడు. అక్షరాల్ని లెక్కపెట్టి విప్పే ఈ పద్ధతిని 9వ శతాబ్దంలోనే బాగ్దాద్‌లో అల్-కిందీ అనే అరబ్ పండితుడు రాసిపెట్టాడని సోషల్ సార్ చెప్పేటప్పటికి పిల్లలకి ఆయన బాగా తెలిసినవాడైపోయాడు.

తెలుగు మాస్టారు కటపయాది చెప్పారు, అంటే హల్లులకు అంకెలిచ్చి సంఖ్యను మాటలో దాచే పాత పద్ధతి: ధీరశంకరాభరణం అనే రాగం పేరులో మొదటి రెండు హల్లులు ధ 9, ర 2, తిప్పి చదివితే 29, అదే మేళకర్త సంఖ్య, అంటే మూల రాగాల పట్టికలో దాని వరస సంఖ్య. మేచకల్యాణికి ఎంతో పిల్లలే చేసుకున్నారు, 65. ఇప్పుడు సైన్స్ టీచర్ బ్యాటరీ, బల్బు, స్విచ్‌తో మోర్స్ కోడ్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి) చేయిస్తానంటున్నారు, విద్యుత్ వలయాల పాఠంలోనే.